నీళ్ళు తగలకూడని దోనె

పడవను తీసుకెళ్ళి నీళ్ళలో వేసేవాడంత తెలివితక్కువవాడు ఈ లోకంలో ఇంకొకడు ఉండడు! నీళ్ళలో వేస్తే పడవ తడుస్తుంది. తడిస్తే నాచు పడుతుంది. ఆపైన మనుషులు ఎక్కుతారు, అదీ మట్టికాళ్ళతో. ఇంతకంటే అనాగరికం ఉంటుందా, చెప్పండి?

ఈ సత్యాన్ని ఏలూరులో మొట్టమొదట కనిపెట్టిన మహానుభావుడు ఏసుకుమార్ మాస్టారు. హైస్కూల్లో సోషల్ చెబుతారు. వారి తాతగారు మత్తయికి కొల్లేట్లో ఒక దోనె ఉండేది, తాటిమానును నిలువునా తొలిచి చేసింది. అందులోనే ఆయన చేపలు పట్టాడు, పాస్టరుగారిని ప్రార్థనలకు లంక గ్రామాలకు దాటించాడు, నొప్పులు పడే ఆడవాళ్ళను ఒడ్డుకు చేర్చాడు. పాపం, వారసత్వ సంపద అంటే ఏమిటో తెలియని మనిషి! బంగారంలాంటి వస్తువును వాడి వాడి అరగదీశాడు.

మాస్టారు అలా కాదు. చదువుకున్నవారు. పైగా 'మన మూలాలు' అనే వాట్సాప్ గ్రూపులో సభ్యులు. అందులో ఒకాయన తిరగలికి వార్నిష్ కొట్టి ఫొటో పెట్టాడు. ఒకావిడ రోట్లో మనీప్లాంటు వేసింది. మాస్టారికి రోషం పొడుచుకొచ్చింది. వెంటనే సొంతూరు వెళ్ళారు. అక్కడ ఎవరో బుద్ధిలేని చుట్టాలు తాతగారి దోనెను కాలవలో ముంచి ఉంచారు! నీళ్ళు కారుతున్న ఆ దోనెను లారీ మీద ఏలూరు తెచ్చేశారు.

గుమ్మం చాల్లేదు. అయితే ఏం? గోడ పగలగొట్టించి పెద్ద తలుపు పెట్టించారు. ఇప్పుడు మంచంకంటే జానెడు ఎత్తు స్టాండు మీద, దోనె ముక్కు వీధి వాకిట్లో, తోక గ్యాసు పొయ్యి దగ్గర. ఫ్రిజ్ వరండాలోకి పోయింది. భార్య మెర్సీగారు పప్పు తాలింపు పెట్టాలంటే ముందు దోనె తోకకు దుప్పటి కప్పాలి. చుట్టాలొస్తే సగంమంది దోనెకు అటు, సగంమంది ఇటు కూర్చుని కేకలేసుకోవాలి. దాంతో చుట్టాలు రావడం తగ్గించారు. ఇది లాభమా, నష్టమా? మీరే తేల్చండి!

వారం వారం పాలిష్. పక్కన 'ముట్టుకోరాదు' అని బోర్డు. తేమ తగలకూడదని పగలంతా ఏసీ. ఇంట్లో మనుషులకు ఫ్యానుంది కదా, చాలు.

మాస్టారి తల్లి హన్నమ్మగారికి మాత్రం ఈ శాస్త్రం బుర్రకెక్కలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, దోనె నీళ్ళలో నానతా ఉండాల్రా. ఎండితే నెర్రెలిస్తది. నువ్వు కడుపులో ఉండగా నొప్పులు పడతా దీన్లోనే ఒడ్డుకొచ్చాను. తడిసిపోద్దని ఆ రోజు మీ తాత అనుంటే నువ్వెక్కడుందువు?"

"అదంతా సెంటిమెంటమ్మా. ఇది హెరిటేజ్," అన్నారు మాస్టారు.

దోనె ఎండి అప్పుడప్పుడు టప్పుమనేది. మాస్టారు ఆ నెర్రెల్లో రంపపుపొట్టు, బంక కలిపి కూరి, పైన పాలిష్ కొట్టేవారు. ఎంత శ్రద్ధ! అంత శ్రద్ధ మనకు ఉందా అసలు?

ఇంతలో వానలకు తమ్మిలేరు పొంగింది. తెల్లారేసరికి కాలనీ చెరువైంది. మధ్యాహ్నానికి హాల్లో మంచం కోళ్ళు మునిగాయి. మోకాళ్ళు పనిచెయ్యని హన్నమ్మగారు మంచం మీద ముడుచుకుని కూర్చుంది. నీళ్ళు పరుపును అంటుతున్నాయి.

"ఏవండీ, దోనె తియ్యండి. అత్తయ్యగారిని ఎక్కించి మెయిన్ రోడ్డు దాకా తోసుకెళ్దాం," అంది మెర్సీగారు.

"నీళ్ళలోనా!" మాస్టారు అదిరిపడ్డారు. "మతిపోయిందా నీకు? పాలిష్ ఏం కావాలి?"

"మీ పాలిష్ పాడుగానూ! అత్తయ్యగారు మునిగిపోతున్నారండీ!"

పక్కింటి ఆనంద్ పాల్, ఇంకో ముగ్గురూ మాస్టారిని పక్కకు జరిపి దోనెను తలల మీదికి ఎత్తారు. రంపపుపొట్టు జలజలా వాళ్ళ జుట్టులో రాలింది. ఆనంద్ పాల్ తలెత్తి అడుగుభాగం చూశాడు.

"మాస్టారండీ, దీన్లోంచి మీ సీలింగు ఫ్యాను కనపడతందండీ!"

"చూశారా! నీళ్ళలో వేసుంటే మునిగిపోయేది. నేను ముందే చెప్పలేదూ?" అన్నారు మాస్టారు.

ఏం ముందుచూపండీ! వాదంలో ఆయనే గెలిచారు. దోనెను డైనింగు టేబులు మీద పదిలంగా పెట్టారు. మాస్టారు తొడలోతు నీళ్ళలో నిలబడి ఫొటో తీసి, 'చుక్క నీరు తగల్లేదు, దేవునికి స్తోత్రం' అని గ్రూపులో పెట్టారు. క్షణాల్లో చప్పట్ల బొమ్మలు కురిశాయి.

ఈలోగా ఆనంద్ పాల్ చర్చి వంటశాల నుంచి పెద్ద ఇత్తడి డేగిశా తోసుకొచ్చాడు. ప్రేమవిందులకు పలావు వండేది. అడుగంతా మసి, ఒళ్ళంతా సొట్టలు. హన్నమ్మగారిని అందులో కూర్చోబెట్టి చేతికి గొడుగిచ్చారు. డేగిశా హాయిగా తేలింది. ఒకవైపు మెర్సీగారు, ఒకవైపు మాస్టారు పట్టుకుని వీధిలోకి నడిపించారు.

నాలుగిళ్ళు దాటాక మాస్టారి చెయ్యి డేగిశా అంచును తడమడం మొదలెట్టింది. బొటనవేలితో మసి గీకి చూశారు. కళ్ళు మెరిశాయి.

"అమ్మా, ఇది అసలైన పాతకాలపు ఇత్తడే!"

హన్నమ్మగారు ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"దీన్ని మాత్రం దాచకురా నాయనా. మళ్ళీ వానలొస్తాయి."