పాతిక వాట్ల మేజోళ్లు

సైకిల్ పందేల్లో ఇంకా మనుషుల్ని వాడుతున్నారంటే నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది!

నవ్వకండి. చక్రాలున్నాయి, గేర్లున్నాయి, బ్యాటరీ ఉంది, ఆకాశంలో ఉపగ్రహం ఉంది. వీటన్నిటి మధ్య చెమటలు కక్కుతూ, ఆయాసపడుతూ, మధ్యమధ్యలో ఇల్లు గుర్తు చేసుకుంటూ ఆ మనిషెందుకండీ? మొత్తం బండిలో పాత మోడల్ సరుకు ఏదన్నా మిగిలిందంటే అది వాడొక్కడే. అప్‌డేట్ రాదు, గ్యారంటీ ఉండదు, వానలో తడిస్తే జలుబు చేస్తుంది.

అయినా మన ఇంజినీర్లు ఊరికే కూర్చోలేదు. మనిషిని పూర్తిగా తీసెయ్యడం కుదరక, వాడి అభిప్రాయాల్ని మాత్రం తీసేశారు. అదెంత మేలు చేసిందో మీకు తెలియాలంటే ఒక జట్టు సంగతి చెప్పాలి.

ఆ జట్టులో ఒక మెకానిక్ ఉండేవాడు. అరవైకి రెండేళ్లు తక్కువ. రైడర్లు మొదలు మేనేజరు దాకా అందరికీ అతను "మావయ్య". పనిమంతుడే, కాదనను. కానీ బుర్ర పాతది. చక్రం తిప్పి, కళ్లు మూసుకుని విని, బేరింగు ఎలా ఉందో చెప్పేవాడు. కళ్లు మూసుకుంటే స్క్రీన్ ఎలా కనపడుతుంది? ఆ మాత్రం ఇంగితం లేదు.

అతని చుట్టూ సైన్సు పరుగులు పెడుతోంది. సైకిల్ బరువులో ముప్పై గ్రాములు తగ్గించడానికి ఆరు నెలలు కష్టపడ్డారు. తగ్గాక తూచి చూస్తే, పందెం నిబంధన ప్రకారం ఉండాల్సిన బరువు కన్నా సరిగ్గా ముప్పై గ్రాములు తక్కువొచ్చింది. అప్పుడు మావయ్యని పిలిచి సీటు గొట్టంలో సీసం ముక్క అతికించమన్నారు. అతికించాడు గాని మొహం అదోలా పెట్టాడు. ప్రగతి అంటే గిట్టనివాళ్ల మొహం అలాగే ఉంటుంది.

రైడర్లు అలా కాదు, బుద్ధిమంతులు. చేతికో వాచీ, భుజానికి ఒంట్లో చక్కెర కొలిచే బిళ్ల, ఛాతీకి గుండె కొలిచే పట్టీ, చెవిలో రేడియో. రాత్రి ఎలా పడుకున్నారో పొద్దున్నే వాచీ చెబుతుంది. ఒకరోజు ఒక రైడరు హుషారుగా ఈల వేసుకుంటూ భోజనాల గదిలోకి వచ్చాడు. కూర్చుని వాచీ చూసుకుంటే నిద్ర చాల్లేదని ఉంది. అంతే, అప్పట్నుంచి మధ్యాహ్నం దాకా ఆవలిస్తూనే ఉన్నాడు. వాచీ లేకపోతే తను అలిసిపోయానన్న సంగతి పాపం అతనికి తెలిసేదా?

ఆ ఈల వేసిన మనిషి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. జట్టులో అతన్ని "బిందె" అంటారు. ప్రతి జట్టుకీ ఒక హీరో ఉంటాడు, గెలవాల్సింది ఆయన. ఆయనకి నీళ్ల సీసాలు మోసుకెళ్లి అందించడం, గాలికి అడ్డంగా ముందు తొక్కడం, కొండ సగం ఎక్కాక పక్కకి తప్పుకోవడం బిందె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాడు. ముప్పై అయిదు దాటాయి, ఒక్క పందెమూ గెలవలేదు. సీజన్ చివర్లో అతన్ని ఉంచుకోవాలా పంపించెయ్యాలా అన్నది తేలాలి. మిగిలింది ఇదొక్క పందెమే.

తేల్చేది మేనేజరనుకున్నారా? ఆయన పాపం సంతకం పెడతాడు. తేల్చేది లెక్కల మేడమ్ ల్యాప్‌టాప్. ఆ అమ్మాయి మంచిదే, ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. పెడల్ దగ్గర ఉన్న మీటరు కాలి బలాన్ని వాట్లలో కొలిచి ఆమెకి పంపుతుంది. బిందె హద్దు మూడొందల యాభై వాట్లని జట్టులో చేరినప్పుడే లెక్క తేలింది. అది దాటితే అతని ముందున్న చిన్న స్క్రీన్ ఎర్రబడుతుంది, చెవిలో "చాలు, తగ్గించు" అని వినపడుతుంది, అతను తగ్గిస్తాడు. కాళ్లు ఇంకా పోదామంటేనో అంటారా? కాళ్లకేం తెలుసండీ!

మావయ్యకి మాత్రం వేరే పిచ్చి. పందెం అయ్యాక సైకిల్ కడుగుతూ హ్యాండిల్‌కి చుట్టిన టేపు చూసేవాడు. ఉన్న సత్తువంతా ఊడ్చి తొక్కినవాడి టేపు మెలిపడి, చెమట ఉప్పు కట్టి, అంచుల్లో లేచిపోయి ఉంటుందట. బిందె టేపు వారం తర్వాత కూడా పెట్టెలోంచి తీసినట్టే ఉంటుందట. కాబట్టి వీడి దగ్గర ఇంకా మిగిలి ఉందని మావయ్య సిద్ధాంతం. ఒకసారి ధైర్యం చేసి మేడమ్‌కి చెప్పాడు. ఆమె మర్యాదగా అంతా విని ఒకటే అడిగింది.

"టేపు మెలికకి యూనిట్ ఏంటి మావయ్యా?"

మావయ్య దగ్గర యూనిట్ లేదు. వెళ్లి మళ్లీ సైకిళ్లు కడుక్కున్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఆఖరి పందెంలో, కొండ ఎక్కే చివరి రోజు పొద్దున, హోటల్ వెనక సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉండగా, ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ తప్పూ చెయ్యని ఆ మనిషి ఒక ఘోరం చేశాడు. రోజూ పందేనికి ముందు మీటరుని సున్నా చెయ్యాలి. త్రాసు ఖాళీగా ఉన్నప్పుడే సున్నా చేసినట్టు, పెడల్ మీద ఏ బరువూ లేకుండా చెయ్యాలి. మావయ్య అటూ ఇటూ చూసి, చక్రం కదలకుండా బ్రేకుని రబ్బరు ముక్కతో బిగించి, తన పనిముట్ల సంచీ తీసి బిందె పెడల్‌కి తగిలించాడు. కిలోన్నర ఉంటుంది. అప్పుడు సున్నా నొక్కాడు. పిచ్చి మీటరు ఆ బరువునే సున్నా అనుకుంది.

ఆ దెబ్బతో బిందె ఎంత తొక్కినా మీటరు పాతిక వాట్లు తక్కువే చూపిస్తుంది, హద్దు దాటినా స్క్రీన్ వెంటనే ఎర్రబడదు. మావయ్య సంచీ తీసేసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. అయినా రైడర్లు బయల్దేరేదాకా బిందె మొహం చూడలేకపోయాడు.

అదే రోజు జట్టుకి కొత్త మేజోళ్లు వచ్చాయి. గాలి గదిలో పరీక్షించినవి, గాలిని చీల్చుకుపోతాయట. కొత్తవేవైనా హీరో మీద ప్రయోగించరు కదా, అలవాటు ప్రకారం ఒక జత బిందెకిచ్చి తొడుక్కోమన్నారు. తొడుక్కున్నాడు.

కొండ మొదలైంది. బిందె ముందు, హీరో అతని వెనక. జట్టు కారులో ముందు సీట్లో మేనేజరు, వెనక సీట్లో మేడమ్, పక్కనే విడి చక్రాల మధ్య ఇరుక్కుని మావయ్య. సగం కొండ ఎక్కేసరికి హీరో గేర్లు మారడం మానేశాయి. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పొద్దున గేర్లకి మొదలైన అప్‌డేట్ ఇంకా పూర్తి కాలేదని మేడమ్ స్క్రీన్ చూసి చెప్పింది. చూశారా, ఎండనక కొండనక తనను తాను మెరుగుపరుచుకునే గేరు! మనుషుల్లో ఆ శ్రద్ధ ఏదీ?

స్పేర్ సైకిల్ కారు మీదే ఉంది. కానీ దారి నిండా జనం, కారు కదలడం లేదు. మేనేజరు తల పట్టుకున్నాడు. ఇంకెవరున్నారు ముందు అంటే, బిందె ఉన్నాడు. మేడమ్ లెక్క చూసి ఆశ్చర్యపోయింది. ఇంత ఏటవాలులో ఈపాటికి హద్దు తగలాల్సిన మనిషి మూడొందల పాతిక దగ్గరే ఉన్నాడు, ఇంకా పాతిక మిగిలి ఉందంది. మేనేజరు రేడియో అందుకుని, ఎవరి కోసమూ చూడకు, పో అన్నాడు.

బిందె కాళ్లు మండిపోతున్నాయి. గుండె నోట్లోకొచ్చింది. అతని కాళ్లు అయిపోయిందంటున్నాయి, స్క్రీన్ కాలేదంటోంది. పదకొండేళ్ల క్రమశిక్షణ ఎక్కడికి పోతుంది? స్క్రీన్ మాటే విన్నాడు. కారులో మావయ్య కళ్లు మూసుకుని చక్రం ఊచలు గట్టిగా పట్టుకున్నాడు. వాడికేదైనా అయితే ఆ పాపం తనదేనని అతనికి తెలుసు.

ఏమీ కాలేదు. బిందె గెలిచాడు. గీత దాటి, సైకిల్ దిగి, ఎవరి భుజమో పట్టుకుని వాంతి చేసుకున్నాడు. సాయంత్రం మావయ్య సైకిల్ కడుగుతుంటే టేపు మెలిపడి, ఉప్పు కట్టి, రెండు చోట్ల చిరిగి ఉంది. మావయ్య దాన్ని విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడని జట్టు వంటాయన అంటాడు గాని, ఆ చేతికి సబ్బు ఉంది, చెప్పలేం.

మర్నాడు పొద్దున హోటల్ మీటింగు హాల్లో మేడమ్ లెక్కలు వివరించింది. ఆ కొండని ఆ వేగంతో ఎక్కాలంటే మూడొందల డెబ్బై అయిదు వాట్లు కావాలి. బిందె మీటరు చూపించింది మూడొందల యాభై. తక్కిన పాతిక ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆ రోజు కొత్తగా మారింది ఒక్క మేజోళ్లే!

హాలంతా చప్పట్లు. ఆ మేజోళ్లు ఉతకొద్దని ఆర్డరు వేశారు. అద్దాల పెట్టెలో హెడ్డాఫీసుకి పంపించారు. బిందె సంగతి కూడా అక్కడే తేలిపోయింది. చేరిన రోజు మూడొందల యాభై, గెలిచిన రోజూ మూడొందల యాభై. ఎదుగుదల లేని మనిషి, ఇక ఉంచుకునేదేముంది? ఉత్తరం మీద మేనేజరు సంతకం పెట్టాడు.

అప్పుడు మావయ్య లేచి నిలబడ్డాడు. సంచీ తగిలించిన సంగతి, సున్నా నొక్కిన సంగతి అంతా చెప్పేశాడు. ఆ పాతిక వాట్లూ వాడి కాళ్లవే, మేజోళ్లవి కావు అన్నాడు. వాడి దగ్గర మిగిలి ఉందని నీకెలా తెలుసని మేడమ్ అడిగింది. ఈసారి ఆ గొంతులో మర్యాద కన్నా ఆరాటమే ఎక్కువుంది. మావయ్య జేబులోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, మెలికలు విప్పి చూసింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మేజోళ్ల కంపెనీ ప్రకటన పొద్దున్నే బయటికి వెళ్లిపోయింది మావయ్యా. ఇప్పుడు మనిషి గెలిచాడంటే ఏం బాగుంటుంది?"

న్యాయమే కదండీ! ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఫైలు మారలేదు. వచ్చే సీజన్ నుంచి హ్యాండిల్ టేపులో సెన్సర్ పెట్టాలని మాత్రం తీర్మానించారు, మెలికకి యూనిట్ మేడమ్ కనిపెడుతుంది. మెకానిక్‌లు పనిముట్ల సంచీలు పెడళ్లకి రెండు మీటర్ల దూరంలో ఉంచాలని నోటీసు అంటించారు. సాయంత్రానికి మావయ్యకీ ఒక ఉత్తరం వచ్చింది.

హోటల్ వెనక, నీళ్ల గొట్టం పక్కన, బిందె బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు. అంతకుముందే ఇంటికి ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని భార్య అడిగితే అలవాటుగా మణికట్టు చూసుకున్నాడు, వాచీ అప్పటికే తిరిగి ఇచ్చేశాడు. బాగానే ఉన్నాననుకుంటా అన్నాడట.

మావయ్య వెళ్లి పక్కన కూర్చున్నాడు. చేసింది చెప్పాడు. తిడితే పడదామని తల వంచుకుని చెప్పాడు. ఉద్యోగం నిలబెడదామని చేస్తే ఉన్నదీ ఊడగొట్టాను రా అన్నాడు.

బిందె తిట్టలేదు.

"అయితే మావయ్యా, ఈ పదకొండేళ్లూ నేను ఆగిపోయింది అలిసిపోయి కాదన్నమాట" అన్నాడు.

మావయ్య వాడి వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

ఇందుకేనండీ నేను మొదటే చెప్పింది, ఈ పందేల్లో మనుషుల్ని వాడకూడదని. సైకిలైతే ఆ మాట అని ఉండేది కాదు.