ముందు పిలిచే పుంజు

ఆ ఏడు మాఘమాసం వెళ్లగానే కాలవగట్టు వీధిలో కోళ్లు ఇళ్లలోకీ, మనుషులు కోళ్ల గూళ్లలోకీ మారారు. మారడానికి అధికారులు ఒక పగలు గడువిచ్చారు. సాయంత్రానికల్లా అందరూ సర్దుకున్నారు.

ఉత్తర్వులో తప్పు పట్టడానికేమీ లేదు. బర్డ్ ఫ్లూ తగ్గేదాకా పెరటికోళ్లకు బయటిగాలి తగలకూడదు. నాలుగు గోడలు, కడగడానికి వీలైన నేల, దోమతెర బిగించిన కిటికీలు, గట్టి తలుపు ఉన్న చోటే వాటిని ఉంచాలి. అలాంటి చోటు ప్రతి ఆవరణలోనూ ఒకటే ఉంది, అది ఇల్లు. కోళ్లూ మనుషులూ ఒకే కప్పు కింద ఉండరాదన్నది రెండో నిబంధన. కనుక ఆవరణలో మిగిలిన ఇంకో కప్పు కిందికి మనుషులు వెళ్లారు.

హైమావతి గూడు మరీ చిన్నదేం కాదు. పెరట్లో బాదంచెట్టు కింద మూడువైపులా ఇటుక గోడ, ముందువైపు ఇనుప జాలీ, పైన రేకు. నిలబడితే తల తగులుతుంది గానీ కూర్చుంటే హాయిగానే ఉంటుంది. అందులో ఆమె, సహకార సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరైన భర్త సత్తిరాజు, నలభై దాటినా పెళ్లి కుదరక అన్నగారి పంచనే ఉంటున్న మరిది బుల్లిరాజు సర్దుకున్నారు. పొద్దున్నా సాయంత్రం పశుసంవర్ధక శాఖవారి వ్యాను వచ్చి, గూటికొక పళ్లెం చొప్పున జాలీ కింది సందులోంచి తోసి వెళ్లేది. చీకటి పడే వేళకు ఒక మనిషి వచ్చి బయటినుంచి గడియ వేసేవాడు. నక్కలూ కుక్కలూ తిరుగుతాయి కదా, మంచిదే అనుకున్నారు.

హైమావతికి ఆ ఏర్పాటు బాగానే నచ్చింది. గూట్లో పొయ్యి లేదు. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు తనూ కూర్చోవడం ఆమెకు అదే మొదలు. మొదటి రెండు రోజులూ కాళ్లు ఏం చేసుకోవాలో తెలియలేదు. మూడోరోజుకి చాపుకోవచ్చని తెలిసింది.

సత్తిరాజుకు మాత్రం టీవీ లేక పొద్దుపోలేదు. జాలీకి ఆనుకుని తన ఇంటి హాలు కిటికీ వైపే చూస్తూ కూర్చునేవాడు. లోపల నల్లపెట్ట ఫ్రిజ్జు మీద, బూడిదరంగు పెట్ట ఆయన హెల్మెట్‌లో గుడ్లు పెడుతుండేవి. పచ్చకాకి పుంజు ఆయన పడక్కుర్చీ చేతిమీద నిలబడేది.

ఆ పుంజుకు పోటీగా నిరుటి దాకా ఇంకో రెండుండేవి. గుండ్రటి గుడ్లు పెట్టలవుతాయని అందరూ చెప్పే మాటే నమ్మి హైమావతి గుండ్రటివే ఏరి పొదగేసింది. అందులోంచి ముగ్గురు మగమహారాజులు దిగారు. కోడికూర ఎవరూ ముట్టని రోజులు. ఊరికే ఇస్తానన్నా పుంజును పట్టుకెళ్లే దిక్కులేదు. తెల్లారేసరికి ఎవరి గేటుకు ఎవరు పుంజును కట్టేసిపోతారోనని వీధిలో అందరూ భయంగా తలుపులు తీసేవారు. చివరికి అదనపు పుంజుల్ని శాఖవారే వ్యానులో పట్టుకెళ్లారు.

ఏది ఉంచుకోవాలో తేల్చడానికి హైమావతి అత్తగారు నేర్పిన పద్ధతే పాటించింది. గుప్పెడు నూకలు చల్లి చూడటం. మంచి పుంజు గింజ కనపడగానే మింగదు. ముక్కుతో ఎత్తి, కింద పడేసి, కొక్కొక్కొక్కని పెట్టల్ని పిలుస్తుంది. అవి తిన్నాకే తాను తింటుంది. పిలవని పుంజు ఎంత అందంగా ఉన్నా ఇంటికి దండగ. పచ్చకాకి పిలిచింది. మిగతా రెండూ మింగాయి.

గూళ్లలోకి మారిన రెండో వారంలో ఇన్‌స్పెక్టరు సోమలింగం తనిఖీకి వచ్చాడు. జాలీ ముందు గొంతుక్కూర్చుని అడిగాడు.

"గూట్లో పెట్టలెన్నమ్మా?"

"నేనొక్కదాన్నేనండి."

"పుంజులు?"

హైమావతి వెనక్కి తిరిగి చూసింది. "ఇద్దరండి. మా ఆయన, మా మరిది."

"పది పెట్టలకి ఒక పుంజమ్మా, గూటి నిబంధన. ఒక్క పెట్టకి పదో వంతు పుంజే వస్తుంది. పదో వంతు మనిషిని ఉంచడం ఇబ్బంది కనక, నా అధికారంతో దాన్ని ఒకటిగా లెక్కేస్తాను. రెండోవారిని ఇచ్చెయ్యాలి. రేపు టిఫిన్ వేళకి వస్తా, ఎవర్నుంచుకుంటారో చెప్పండి."

"మరి మమ్మల్ని అడగరాండీ?" అన్నాడు బుల్లిరాజు.

"పుంజుల్ని అడగడం లేదు బాబూ. ఇంతవరకూ ఎక్కడా అడగలేదు."

సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు. "నేను తాళి కట్టినవాణ్ణండి. అది లెక్కలోకి రాదా?"

"మా కాగితంలో ఆ గడి లేదండి," అని సోమలింగం మర్యాదగానే చెప్పి పక్కగూటికి వెళ్లాడు.

బుల్లిరాజు కంగారు పడే మనిషి కాదు. "వదినా, నన్నుంచుకో. అన్నయ్య గురక పెడతాడు, నేను పెట్టను."

"గుడ్లు కూడా పెట్టవు కదరా," అన్నాడు సత్తిరాజు. అని మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం పక్కగూటి లక్ష్మీకాంతం జాలీ దగ్గరకు జరిగింది. "ఏంటే హైమా, ఎవర్నుంచుకుంటన్నావ్?"

"ఇంకా అనుకోలేదొదినా. నువ్వో?"

"మా మావగార్ని. పాపం, మందులు ఆయనే గుర్తుపెట్టుకుని ఆయనే వేసుకుంటారు."

"మరి అన్నయ్యగారు?"

"ఆయన చెప్పులు కూడా నేనే వెతకాలి కదే," అంది లక్ష్మీకాంతం ఆలోచిస్తూ.

హైమావతికి దిగులు పట్టుకుంది. సత్తిరాజు చెడ్డవాడు కాదు. ఏనాడూ కసురుకోలేదు. ఏనాడూ పిలవనూ లేదు. కంచం పెడితే తినేవాడు, లేచేవాడు. ఆమె తిన్నదో లేదో ఆయనకు తట్టేది కాదు. బుల్లిరాజు నయం. నోటినిండా పెట్టుకున్నాక అయినా, "నువ్వూ కూర్చో వదినా" అనేవాడు. పద్ధతి ప్రకారం చూస్తే భర్తనే ఇచ్చెయ్యాలి. ఇవ్వాలని ఆమెకు లేదు. కానీ నోరులేని రెండు పుంజుల్ని ఏ పద్ధతితో పంపించిందో, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ పద్ధతి మార్చడం న్యాయం అనిపించలేదు. ఈ పద్ధతి సంగతి ఆమె మగవాళ్లిద్దరికీ చెప్పలేదు. పుంజులకు మాత్రం చెప్పిందా?

పొద్దున్న పళ్లెంలో పెసరట్లు వచ్చాయి, అల్లప్పచ్చడితో. సోమలింగం జాలీ అవతల నిలబడ్డాడు. హైమావతి గోడకు జారగిలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

బుల్లిరాజు ముందుగా అందుకున్నాడు. పెద్దముక్క తుంపి నోట్లో పెట్టుకుని, "వేడిగా ఉన్నాయి వదినా, రా," అన్నాడు నములుతూ.

సత్తిరాజు కూడా ముక్క తుంపాడు. పచ్చట్లో అద్దాడు. నోటిదాకా తీసుకెళ్లాడు. అక్కడ చెయ్యి ఆగింది. అదే సమయానికి కిటికీలో పచ్చకాకి ఒక గింజను ఎత్తి పడేస్తోంది, ఎత్తి పడేస్తోంది. రెండు వారాలుగా ఆయన చూస్తున్నది అదే. సత్తిరాజు ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పెట్టాడు. ఆయన గొంతులోంచి, ఎప్పుడూ వాడక తుప్పుపట్టిన చప్పుడొకటి వచ్చింది.

"హైమా," అన్నాడు. "రా. ముందు నువ్వు తిను."

హైమావతి వెళ్లి ఆ ముక్క తింది. కాస్త ఉప్పెక్కువైంది గానీ, ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

"ఈయన్నుంచండి," అంది.

బుల్లిరాజు తువ్వాలు, దువ్వెన తీసుకుని బయటికొచ్చాడు. "పర్లేదు వదినా, ఎక్కడైనా తిండి పెడతారు కదా," అని వ్యానెక్కాడు. అప్పటికే అందులో వీధిలోని అన్నదమ్ములు, ఒక ఇల్లరికపుటల్లుడు, లక్ష్మీకాంతం భర్త కూర్చుని ఉన్నారు. పుంజుల్ని పట్టుకెళ్లిన వ్యానే అది.

"ఎక్కడికండీ తీసుకెళ్లడం?" అని హైమావతి అడిగింది.

"పుంజుల్ని ఇచ్చినప్పుడు అడిగారామ్మా?"

"లేదండి."

"మరింకేంటి," అన్నాడు సోమలింగం.

ఆ తర్వాతి రోజులు ప్రశాంతంగా గడిచాయి. పళ్లెం రాగానే సత్తిరాజు పిలిచేవాడు. ఆమె తిన్నాకే తినేవాడు. సాయంత్రాలు ఇద్దరూ జాలీకి ఆనుకుని కిటికీలో పెట్టల్ని చూస్తూ వాటి గుణాలు మాట్లాడుకునేవారు. తన భార్యకు చింతచిగురు ఇష్టమని సత్తిరాజుకు ఆ గూట్లోనే తెలిసింది.

ఉగాది వెళ్లాక మైకు ఆటో తిరిగింది. జబ్బు తగ్గింది, ఎవరిళ్లలోకి వారు వెళ్లవచ్చు. కోళ్లు అరుచుకుంటూ గూట్లోకి వచ్చాయి. హైమావతి ఆ పగలంతా ఒక్కతే ఇల్లు కడిగింది. రాత్రికి అన్నం, చింతచిగురు పప్పు వండింది. సత్తిరాజు పడక్కుర్చీలో కూర్చుని టీవీ పెట్టుకుని చెయ్యి చాపాడు. ఆమె కంచం అందించింది. ఆయన తిన్నాడు. కంచంలో చెయ్యి కడుక్కుని, "పప్పు బాగుంది," అన్నాడు టీవీతో. ఆమె వంటింట్లో కూర్చుని మిగిలింది తింది. అడుగున చింతచిగురు కొంచెమే ఉంది.

బుల్లిరాజు సంగతి ఎవరూ అడగలేదు. పుంజుల సంగతీ అంతే.

మర్నాడు పొద్దున్నే తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని హైమావతి శాఖ ఆఫీసుకు వెళ్లింది. వరండాలో బెంచీ మీద లక్ష్మీకాంతం, ఇంకా వీధిలోని ఆడవాళ్లు ముందే వచ్చి వరసగా కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారే గానీ, ఎందుకొచ్చావని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"చెప్పండమ్మా," అన్నాడు సోమలింగం.

"మా నల్లపెట్ట తుమ్మిందండి."

"ఎప్పుడు?"

"నిన్న రాత్రి. మా ఆయన భోంచేశాక."

సోమలింగం కలం ఆపి, బెంచీ వైపు ఒకసారి చూశాడు. "మీ వీధి కోళ్లన్నీ భోజనాల వేళే తుమ్ముతున్నాయమ్మా," అని రాసుకున్నాడు.

సాయంత్రానికి కోళ్లు ఇళ్లలోకి వెళ్లాయి. వ్యాను వచ్చి పళ్లెం తోసింది. సత్తిరాజు దాని ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"హైమా, రా."

బయట గడియ పడిన చప్పుడైంది. హైమావతి జాలీ సందులోంచి వేలు పెట్టి, అది సరిగ్గా పడిందో లేదో చూసుకుని, తినడానికి వచ్చింది.