ఫొటోలో మిగిలిన చెయ్యి

"నన్ను కోసేసినవ్ సరే, నా చెయ్యెందుకు ఉంచినవ్?" శ్రీవాణి మూడోసారి అడిగింది.

"చెయ్యి కోస్తే గరిటె పోతది. గరిటె పోతే సేవ పోతది," అన్నాడు జితేందర్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

గల్ఫ్ పట్టణం సీబ్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఈ తగువు పొద్దున ఇడ్లీలతో మొదలై మధ్యాహ్నం పప్పుచారు దాకా వచ్చింది. తెలుగువాళ్ల సంఘం ఒకటి ఈ ఏడు 'ప్రవాస వారసత్వ సేవా పురస్కారం' ఇస్తోంది. వలస వచ్చిన చోట మన సంప్రదాయాన్ని నిలబెట్టి, పదిమందికి సాయపడినవాళ్లకు శాలువా, షీల్డు. దరఖాస్తుకు ఐదు ఫొటోలు జత చెయ్యాలి.

ఫొటోలకు కొదవ లేదు. పదేళ్లుగా ప్రతి శుక్రవారం వాళ్లింటి నుంచి కూలీలుండే రుసైల్ లేబర్ క్యాంపుకు అన్నం గిన్నె వెళ్తోంది. చిక్కల్లా ఒక్కటే. ప్రతి ఫొటోలోనూ గిన్నె పక్కన శ్రీవాణి ఉంది. జితేందర్ కారులో ఉన్నాడు. ఏసీ వేసుకుని.

అందుకని తొమ్మిదో తరగతి చదివే కూతురు సిరిచందనను బతిమాలి, అమ్మను తీసేయించి ఆ స్థానంలో తనను అతికించుకున్నాడు.

"డాడీ, నీకు మూడు చేతులొచ్చినయ్. ఒకదానికి గాజులు కూడా ఉన్నయ్."

"ఉండనీయే. దేవుళ్లకు నాలుగుంటయి. నా కొడుక్కు మూడుంటే ఏమైతది?" అంది విజిట్ వీసా మీద వచ్చిన కనకవ్వ.

"బతుకమ్మ ఆడించినట్టు గూడ రాసినవా?" శ్రీవాణి దరఖాస్తు లాక్కుంది.

"రాసిన. పూలు తెచ్చింది నేనే గద."

"తెచ్చి, పూల కోసం ఇంత ట్రాఫిక్‌ల తిప్పుడేందని రెండు రోజులు అలిగినవ్. అది గూడ రాయి, సంప్రదాయమే."

జితేందర్ రాయలేదు. పంతొమ్మిదేళ్లుగా అతను ఒక కంపెనీలో స్టోర్ కీపరు. ఆ స్టోర్లో అతణ్ణి "సిమెంటొచ్చిందా?" అని తప్ప వేరే మాట అడిగినవాడు లేడు. ఇరవై ఎనిమిదో తారీఖున తల్లి తిరుగు ప్రయాణం. ఈలోగా ఒక్కసారి మైకులో తన పేరు పిలవాలి, అవ్వ వినాలి. ఈ కోరిక అతను ఎవరికీ చెప్పలేదు. టీవీ బల్ల మీది పెళ్లి ఫొటో పక్కకు జరిపి షీల్డుకు జాగా చేయడం మాత్రం అందరూ చూశారు.

గురువారం కమిటీ సభ్యుడు ఇర్షాద్ దరఖాస్తు చూసి ఫోన్ చేశాడు. "జితేందర్ భాయ్, రేపు నేనూ మా ఆమె మహమూదా క్యాంపుకొస్తం. మీ సేవ మా కళ్లతోని చూస్తం."

జితేందర్ ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు నువ్వు రెస్ట్ తీసుకో," అన్నాడు ఎంతో ప్రేమగా.

"సరే," అంది శ్రీవాణి.

అక్కడే అనుమానం రావాల్సింది. పదిహేడేళ్ల కాపురంలో ఆమె మొదటి మాటకే సరే అన్న సందర్భం ఇంకోటి లేదు.

శుక్రవారం అతను ఇర్షాద్ దంపతుల్ని తన కారులోనే ఎక్కించుకుని వెళ్లి, గిన్నె మోసుకుంటూ క్యాంపులో దిగాడు. తొమ్మిదిమంది పళ్లేలతో వరుసగా నిలబడ్డారు. అందరికంటే పెద్దవాడు, జగిత్యాల భూమయ్య, జేబులోంచి డాక్టరు రాసిన గోలీల చీటీ తీశాడు.

"ఈ తెల్ల గోలి పొద్దునా, మాపా?"

జితేందర్ చీటీని తిప్పి చూశాడు. వెనక ఖాళీగా ఉంది.

"సార్, నా ఇన్సూరెన్స్ కాయితం," అతని వెనకున్న కుర్రాడు భూమేశ్ చేతికందించబోయాడు. గరిటె ఒరిగి పచ్చిపులుసు కాయితం మీద పడింది. "అయ్యో! వదినేది సార్? వదినొస్తే గిట్ల కాకపోవు."

ఇర్షాద్ చూస్తున్నాడు. మహమూదా చూస్తోంది. నేనే ఇంట్లో ఉండమన్నానని చెప్పడానికి జితేందర్‌కు నోరు రాలేదు.

"జరమొచ్చింది," అన్నాడు.

వరుస ఆగిపోయింది.

"వదినకా? జరమా?"

"ఎవలూ ముట్టకుండ్రి," అన్నాడు భూమయ్య, పళ్లెం కింద పెట్టి. "ముందు పిల్లను చూసొద్దాం."

ఎంత చెప్పినా వినలేదు. కంపెనీ వ్యాన్ తీశారు. దారిలో ఆగి నారింజపళ్లు, గ్లూకోజ్ డబ్బాలు కొన్నారు. ముందు కారులో ఇర్షాద్ దంపతులతో వెళ్తున్న జితేందర్ కంగారుగా ఇంటికి ఫోన్ కలిపాడు. ఆ ఫోన్ కారు స్పీకరుకు కలిసి ఉందని మరిచిపోయాడు.

"కోడలా? మిర్చిబజ్జీలు ఏస్తుంది బిడ్డా!" కనకవ్వ గొంతు కారంతా మోగింది. "పొద్దటిసంది ఇద్దరం ఒకటే నవ్వుడు. వచ్చేటప్పుడు పుదీన తే."

ఇర్షాద్ కిటికీలోంచి రోడ్డు పక్క ఖర్జూర చెట్లను శ్రద్ధగా చూడసాగాడు. జితేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

తలుపు తీసిన శ్రీవాణి చేతులకు శనగపిండి ఉంది. ఎదురుగా నారింజపళ్లతో తొమ్మిదిమంది. వాళ్ల వెనక, చెప్పుల దగ్గర చూపు నిలిపి, మొగుడు.

"జరమట గద బిడ్డా?" అన్నాడు భూమయ్య.

ఇప్పుడు ఆమె ఒక్క మాటంటే చాలు. అనాల్సిందే కూడా. జితేందర్ కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడే దిగింది బాపూ," అంది శ్రీవాణి.

భూమయ్య ఆమె నుదురు పట్టి చూశాడు. "సల్లగనే ఉన్నది. బజ్జీలు తినకు బిడ్డా, మళ్ల తిరగబెడ్తది."

మహమూదా శ్రీవాణి గాజుల వైపు చూసింది. తన ఫోన్‌లోని దరఖాస్తు ఫొటో చూసింది. మళ్లీ గాజులు చూసింది. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేదని జితేందర్‌కు అనిపించింది.

జ్వరం దిగిన మనిషి హాల్లో కూర్చుని గోలీల చీటీ చదివి చెప్పింది, పులుసు కాయితం ఆరబెట్టి కొత్తది నింపింది. కారులోంచి గిన్నె దించి అక్కడే అందరికీ వడ్డించింది. జితేందర్ వంటింట్లో నిలబడి, ఎవరూ అడగకపోయినా, డజను నారింజపళ్లు ఒలిచాడు.

అందరూ వెళ్లాక నలుగురూ టీ తాగుతుంటే అతను గ్లాసులోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఇర్షాద్ భాయ్‌కి చెప్పిన. నా పేరు తీసెయ్యమన్న."

"మరి షీల్డు?" అంది కనకవ్వ.

"లేదవ్వా."

"నా పేరేమన్న రాసినవా యేంది?" శ్రీవాణి అనుమానంగా చూసింది.

"నిన్నడగకుండ ఎట్ల రాస్త? అడగకుండ కోసింది సాలదా?"

సిరిచందన లేచి వెళ్లి పెళ్లి ఫొటోను మళ్లీ బల్ల మధ్యకు జరిపింది.

"వచ్చే శుక్రారం నుంచి నేను గూడ కారు దిగుత," అన్నాడు జితేందర్, మెల్లగా. "గిన్నె నేను మోస్త. ఆ తెల్ల గోలి పొద్దునో, మాపో జెర చెప్పు. రాసుకుంట."