మూడున్నర గంటల పాళెగాడు

ఉరవకొండలో పెళ్లి వీడియోలు తీసుకునే నేను సినిమా తీశానంటే మీరు నవ్వుతారని తెలుసు. అయినా తీశాను. పూర్వకాలంలో వజ్రకరూరు వైపు ఒక పాళెగాడి వజ్రం పోతుంది, మరునాడు పాళెగాడి ప్రాణం పోతుంది. అతని తల్లి హంతకురాలి కోసం వెతుకుతుంది. హంతకురాలెవరో కడదాకా తెలియకూడదు. మీరు మనవాళ్లు కాబట్టి చెబుతున్నాను, మా ఆవిడ మహేశ్వరి. పాళెగాణ్ణి నేను. తల్లి వేషం మా అత్త చెన్నమ్మది. ఆ ఎండలో నటించడానికి బయటివాళ్లెవరూ రాలేదు.

ముందుగా మా వీధిలో తెర కట్టి చూపించాను. చివరిదాకా మిగిలింది ఎదురింటి ఎర్రన్న ఒక్కడే. అతనూ నిద్రలో ఉన్నాడు. లేపి అడిగాను.

"యాక్టింగు బంగారం అన్నా. సినిమానే ఎండాకాలం మాదిరి ఉండాది, ఎంతకీ పోదు" అన్నాడు.

అనంతపురంలో కొత్త సినిమాల పండుగ జరిపేవాళ్లదీ అదే మాట. నటన అద్భుతం, నిడివి దారుణం. రెండు గంటలకు కుదిస్తేనే వేస్తారట.

కుదించే తీరాలని నిశ్చయించుకున్నాను. పాళెగాడి దర్బారు ఉపన్యాసాలు సినిమాకు గుండెకాయ, వాటిని ముట్టుకోలేం. కాబట్టి మా అత్త ఏడుపుతో మొదలుపెడదామనుకున్నాను. కొడుకు శవం మీద పడి ఆమె ఎంతకీ లేవదు. అడిగి తీస్తే ఇంట్లో యుద్ధం. ఆ ముక్కను కంప్యూటరు మింగేసిందని చెప్పొచ్చులే అని, మహేశ్వరి సంతకు పోగానే కూర్చున్నాను.

"నాయనా, నీళ్లన్నా తాగి పోరాదా" అని అత్త అన్నచోట కోద్దామనుకున్నాను. కళ్లు మసకబారాయి. ముందుకు జరిపాను. అక్కడ ఇంకా బాగా చేసింది. మహేశ్వరి తిరిగొచ్చేసరికి నేను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాను. సినిమా ఒక్క సెకను కూడా తగ్గలేదు.

"ఏమయ్యా, ఏడుస్తాండావు?"

"మీ యమ్మ యాక్టింగు."

"మరి కత్తెర గుర్తు మీద చెయ్యెందుకు పెట్టినావు?"

దొరికిపోయాను.

"సినిమా పొడుగైపోయింది మే. ఏదో ఒకటి తీసెయ్యల్ల."

"పొడుగు ఎవురిది? మాయమ్మ నోరిప్పితే జనం ఏడ్సినారు. నువ్వు నోరిప్పితే లేసి టీకి పోయినారు."

"అది చారిత్రక సంభాషణ."

"అంతసేపు మాట్లాడేకి ఆ కాలంలో పాళెగాళ్లకు ఏం పనీ ల్యాకుండెనా?"

నేను తగ్గలేదు. ఆమే కాసేపు ఆలోచించి నెమ్మదించింది.

"సరే, ఒగ న్యాయం చేద్దాం. యాక్టింగు బాగుండేది ఉంటాది, బాగలేనిది పోతాది. ఎవురిదైనా సరే."

నా నటన మీద నాకు అనుమానమెందుకు? వెంటనే ఒప్పుకున్నాను. రాయదుర్గంలో పెళ్లి ఉండి, కెమెరా పట్టుకుని పోతూ కోతపని ఆమెకే అప్పజెప్పాను. మా స్టూడియోలో పెళ్లి వీడియోలన్నీ కోసి అతికేది ఎటూ ఆమే.

పండుగ రోజు అత్తను మధ్యలో పెట్టుకుని హాల్లో కూర్చున్నాం. దర్బారు తలుపులు తెరుచుకున్నాయి. నేను మీసం మీద చెయ్యి వేశాను, తెరమీదా, కుర్చీలోనూ. "ఎవరక్కడ?" అన్నాను. మరుక్షణం నేను శవాన్ని.

ఆపైన అత్త పూర్తిగా ఏడ్చింది, ఒక్క కన్నీటి బొట్టు కోత పడకుండా. హాలంతా ముక్కులు చీదింది. మహేశ్వరి వజ్రాన్ని కొంగున ముడేసుకుంటే ఈలలు పడ్డాయి. రెండు గంటలు గడిచినట్టే ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం బాగా తెలిసింది.

బయట ఒక పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పీనుగు నువ్వేనంట గదప్పా. ఆయమ్మ మీద పడి అంత బాదుతాంటే రెప్ప గూడా కదల్లేదే. బలే చేసినావు."

"అంతే పెద్దాయనా," అంది మహేశ్వరి, "మాట్లాడనీకుంటే మా ఆయన బాగా చేస్తాడు."

జవాబు చెబుదామని నోరు తెరిచాను. పెద్దాయన ఇంకా నన్నే మెచ్చుకోలుగా చూస్తున్నాడు. మూసుకున్నాను.