మితభాషి రుక్మాబాయి

ఎవరి స్వభావం ఏమిటో తేల్చుకునే పని ఇకపై మనుషులకే వదిలేయరాదని బోధన్ దగ్గరి ఒక చెరకు రైతుల సంఘం తీర్మానించింది. (తీర్మానం ఏకగ్రీవం. కాదనే ఇద్దరూ ఆ రోజు పెళ్లికి వెళ్లారు.) సిబ్బంది అందరికీ ఫోన్‌లో స్వభావ పరీక్ష పెట్టారు.

ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునే రుక్మాబాయి కూడా రాసింది. కోత ఆలస్యమైందని మండిపడుతూ వచ్చిన రైతును, తెలుగులోనో మరాఠీలోనో ఇంటిల్లిపాది క్షేమం అడిగి చల్లబరచడం ఆమెకు అలవాటు. ‘కొత్తవాళ్లతో మాట్లాడటం మీకు ఇష్టమా?’ అన్న ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. కిటికీకి వచ్చేవాళ్లలో కొత్తవాళ్లెవరా అని ఆలోచించింది. ఒక్కరూ తోచలేదు. ‘కాదు’ అని నొక్కింది.

ఫలితం వచ్చింది: మితభాషి. ఆమెను రికార్డు గదికి మార్చారు. కిటికీలోకి సాయిరాం వచ్చాడు. అతను చదవకుండానే అన్నిటికీ ‘అవును’ నొక్కి, కలుపుగోలు మనిషిగా ధ్రువీకరణ పొందాడు.

రుక్మాబాయి స్వభావాల అధికారి లక్ష్మీరాజం దగ్గరికి వెళ్లింది.

“సార్, మాట్లాడకుంటె నాకు అన్నం సయించది. నేను మితభాషి ఎట్లయిత?”

“నీకు గట్ల అనిపిస్తది గంతే అమ్మా. లోపల నువ్వు మస్తు నిమ్మళం మనిషివి.”

“మరి గిప్పుడు లొల్లి పెడుతున్న గద సార్?”

“నిమ్మళం మనుషులకు కోపమొస్తే గిట్లనే లొల్లి పెడ్తరు. గది గుడ రిపోర్టుల ఉన్నది.” (ఉంది. పదకొండో పేజీలో.)

స్వభావం మార్చుకోవడానికి అయిదేళ్లకోసారి అవకాశం ఉందనీ, అదీ ఖాళీలను బట్టేననీ ఆయన ఓపిగ్గా వివరించాడు.

వారం తిరక్కుండానే రుద్రూర్ రైతు రాజమల్లు రికార్డు గది తలుపు తోశాడు. “అక్కా, కిటికీ కాడ గాయన తల లేపుతలేడు. నా ముచ్చట జెర నువ్వు సూడు” అన్నాడు. అతని వెనక మరో నలుగురు. ఆమె ముఖం విప్పారింది. కుర్చీలు సరిపోక ఫైళ్ల కట్టల మీద కూర్చోబెట్టి, అందరి గోడూ విన్నది.

లక్ష్మీరాజం వెంటనే స్పందించాడు. మితభాషులను మాట్లాడించడం హింస కిందికి వస్తుందని తలుపుకు నోటీసు అంటించి, లోపలి నుంచి గడియ పెట్టించాడు. రైతులు కొన్నాళ్లు బయట నిలబడి చూశారు. తర్వాత రావడం మానేశారు.

రుక్మాబాయి మొదట ఫైళ్లతో మాట్లాడింది. తర్వాత అదీ మానేసింది. ఇంట్లో భర్త దేవిదాస్ “ఏమైందే, పలుకవు?” అని అడిగితే, “ఏం లేదు” అని లేచి గిన్నెలు సర్దుకుంది.

మరుసటి ఏడాది, పరీక్ష నూటికి నూరుపాళ్లు నిజమైందన్న పేరుతో సంఘానికి నిజామాబాద్‌లో సన్మానం జరిగింది. నిదర్శనంగా రుక్మాబాయిని వేదిక ఎక్కించి, రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు ముందు నిలబడింది. జనాన్ని చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

ముందు వరుసలోని అధికారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.