బేస్‌మెంట్‌లో సయోధ్య దినం

జాతికి సయోధ్య కుదరాలంటే ముందు ఒక ఫారం కావాలి. ఈ సత్యాన్ని 2022 సెప్టెంబరు ముప్పైన, బ్రాంప్టన్‌లో తను అద్దెకుంటున్న శాంత ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో రంగనాథ్ కనిపెట్టాడు. ఆ నేల తొలి ప్రజల పిల్లలకు చేసిన అన్యాయాన్ని ఒప్పుకుని కెనడా తలవంచే సెలవు రోజది. (ఆ ఇంటి కుర్రాళ్లు పనిచేసే వేర్‌హౌస్‌కి ఆ కబురు అందలేదు, షిఫ్టులు యథాతథం.)

అక్కడున్న ఏడుగురు విద్యార్థుల్లో రంగనాథ్ సీనియర్. అంటే, కాలేజీలో ఒక అడ్మిషన్ బ్యాచ్ ముందొచ్చాడు. ఒకరు పడుకునే వేళకి ఇంకొకరు డ్యూటీకెళ్లే కొంపలో అలారాలు నిషేధించి, ఎవరిని ఎవరు ఏ రోజు లేపాలో పట్టిక వేసి ఫ్రిజ్‌కి అంటించింది అతనే. పట్టిక దివ్యంగా నడిచింది, దీపక్ ఇంటర్వ్యూ దాకా.

దీపక్ అతనికి భీమవరం కాలేజీ నుంచీ ప్రాణస్నేహితుడు. ఉద్యోగం కోసం ఎనిమిది నెలలు చెప్పులరిగేలా తిరిగితే వచ్చిన ఇంటర్వ్యూ అది. ఆ పొద్దున లేపే వంతు, ఏడుగురిలో ఒకడైన అనంత్‌ది. అనంత్‌కేమో షిఫ్టు పొడిగించారు. రంగనాథ్ మెలకువగానే ఉన్నాడు. దీపక్ తలగడ పక్కనే నిలబడి టీ కూడా తాగాడు. కానీ వంతు తనది కాదు కదా! (సెక్షన్ నాలుగు: ఒకరి వంతులో మరొకరు వేలు పెట్టరాదు.) ఇంటర్వ్యూ పోయింది. మాటలూ పోయాయి, నలభై ఒక్క రోజులుగా. రేపు పొద్దున ఏడింటి బస్సుకి దీపక్ ఈ ఊరొదిలి విండ్సర్ వెళ్లిపోతున్నాడు.

మామూలు మనిషైతే పక్కన కూర్చుని "తప్పయిందిరా" అనేవాడు. రంగనాథ్ ఆన్‌లైన్‌లో క్షమాపణ ఫారం తయారుచేశాడు. తప్పు జరిగిన తేదీ, వెయ్యి పదాల్లో పశ్చాత్తాపం, రెండు సిఫార్సు లేఖలు. అన్నీ తనే నింపాడు. తన ఫైలు తనే చూసుకోవడం ధర్మం కాదని అనంత్‌ని అధికారిగా నియమించాడు.

"ప్రాసెసింగ్ టైమ్ ఎనిమిది వారాలన్నా," అన్నాడు అనంత్, సాక్స్ విప్పుతూ.

"వాడు రేపే వెళ్లిపోతున్నాడురా!"

"అర్జెంట్ కేటగిరీ నువ్వు పెట్టలేదు కదన్నా."

అయినా అనంత్ దయగలవాడు, సాయంత్రానికల్లా తేల్చేశాడు. తిరస్కరణ. కారణం: 'దరఖాస్తుదారు మళ్లీ పట్టిక దగ్గరికే తిరిగి వెళ్లడన్న నమ్మకం అధికారికి కలగలేదు.' ఆ ధోరణి ఇంట్లో అందరికీ కంఠస్థమే. వీసా తిరస్కరణ ఉత్తరం ఒక్కసారైనా అందుకోనివాడు అక్కడ లేడు.

రంగనాథ్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. ఫ్రిజ్ మీద చూశాడు. అక్టోబరు ఒకటి, దీపక్‌ని ఐదింటికి లేపాల్సింది: రంగనాథ్. లేపితే వెళ్లిపోతాడు. లేపకపోతే ఇంకెప్పటికీ మాట్లాడడు. లేపాలి, లేపుతూనే ఆ ఒక్క మాటా అనెయ్యాలి అనుకున్నాడు.

ఐదింటికి వెళ్లేసరికి దీపక్ బూట్లు తొడుక్కుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు లేచావురా?"

"పడుకోలేదు. నువ్వు లేపుతావన్న నమ్మకం కలగలేదు."

నలభై ఒక్క రోజుల తర్వాత దీపక్ నోట అదే మొదటి మాట. రంగనాథ్ ఆ ఒక్క మాటా అనకుండానే బ్యాగు అందుకుని తలుపు దాకా మోశాడు. దీపక్ వెనకాల తలుపు మూసుకున్నాక ఫ్రిజ్ దగ్గరికెళ్లి, పట్టికలో తన పేరుకెదురుగా టిక్కు పెట్టాడు: డ్యూటీ పూర్తి.