పీచు యూనిట్‌లో సాక్ష్యాలు

ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ బంగారరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి హైదరాబాదు నుంచి ఫండు డైరెక్టరు ఝాన్సీ గారు మలికిపురం వస్తారు. జీవరత్నం గారి కొబ్బరి పీచు యూనిట్ చూస్తారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు నాలుగు మంచి మాటలు చెబుతారు. పదకొండింటికి కొబ్బరినీళ్ళు, పన్నెండింటికి బంగారరాజు ఉద్యోగం పర్మనెంటు.

ఇంతకుముందు అతను పదేళ్ళపాటు హైదరాబాదులో స్టార్టప్‌లకు సాయం చేశాడు. సాయమంటే, ఇంకా పుట్టని కంపెనీకి స్లైడ్లు ఎలా తయారుచెయ్యాలో నేర్పడం. దానిమీద విసుగు పుట్టి ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్‌లోకి మారాడు. ఇందులో పెట్టుబడికి లాభమూ రావాలి, జనానికి మేలూ జరగాలి. జరిగిన మేలు ఫొటోలో కనబడాలి. ఉద్యోగం ఖాయం కావడానికి పైవాళ్ళిచ్చిన ఆర్నెల్ల గడువు ఈ వారంతో సరి. ఇప్పటిదాకా అతను తెచ్చిన ఒక్క యూనిటూ పైవాళ్ళకు నచ్చలేదు. ఇదీ పోతే అతనూ పోతాడు.

అందుకే రెండు రోజుల ముందే జీవరత్నం గారికి ఫోన్ చేశాడు.

"మీవాళ్ళ బతుకుల్లో వచ్చిన మార్పుకి సాక్ష్యాలు కావాలండీ. ముందెలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు, అంతే."

"సాక్ష్యాలేగాండీ? ఆయ్! ఎంతమంది చెప్పాలండీ?"

"ఎంతమంది చెబితే అంత మంచిదండీ."

"ఆయ్. ఇంక మీరు బెంగెట్టుకోకండి."

అతను బెంగ పెట్టుకోలేదు. ఆ ఊళ్ళో సాక్ష్యమంటే చర్చిలో లేచి నిలబడి, పాత తప్పులన్నీ ఒప్పుకుని, మారిన సంగతి చెప్పడం. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని జీవరత్నం గారికి తట్టలేదు, ఈ అర్థం ఉందని బంగారరాజుకు తట్టలేదు. ఆవిడ పాస్టరు గారికి చెప్పారు. ఆయన మైకూ షామియానా పంపించారు. అంత ఏర్పాటు జరిగాక పక్క ఊరి చర్చి సంఘాన్ని పిలవకపోతే బాగుండదు కదా! వాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చేశారు.

కారు దిగిన ఝాన్సీ గారికి యూనిట్ కనబడలేదు. మూడొందల మంది జనం కనబడ్డారు. వాళ్ళ వెనక "మారిన జీవితాల కూడిక, ప్రసంగీకులు: సహోదరి ఝాన్సీ గారు" అని బ్యానరు కనబడింది.

"మీ రిపోర్టులో పన్నెండు మందని రాశారు కదా?" అన్నారావిడ.

"ఇంపాక్ట్ పెరిగింది మేడం," అన్నాడు బంగారరాజు.

మొదట యూనిట్‌లో పీచు తూచే కృపమ్మ మైకు అందుకుంది. "అందరికీ వందనాలండీ. నేను మునుపు చాలా చెడ్డదాన్నండీ. తూకం ఎక్కువ రావాలని ఎండు పీచులో తడి పీచు కలిపేసేదాన్నండీ. ఇప్పుడు మానేసేనండీ."

"ఎప్పుడు మానేశారమ్మా?" అన్నారు ఝాన్సీ గారు.

"నిన్ననేనండీ. ఈ కూడిక ఉందని తెలిసేకండీ."

జనం "స్తోత్రం!" అన్నారు. బంగారరాజు ఇస్త్రీ చొక్కా తడిసిపోయింది. తర్వాత హాజరు పుస్తకం రాసే శారోన్ లేచి, పనికి రాని తోటికోడలికి ఏడాదిగా హాజరు వేస్తున్నానని ఒప్పుకుంది. ఆ తర్వాత జీవరత్నం గారే లేచారు.

"బంగారరాజు గారు ఫొటోలకొచ్చినప్పుడు మా మిషను చెడిపోయిందండీ. పక్క ఊరి మిషను తెచ్చి మాదేనని నిలబెట్టేనండీ. ఆయన కూడా దాని పక్కన నిలబడి ఫొటో దిగేరండీ."

ఇక లాభం లేదని, ఎలాగైనా ఆపేద్దామని బంగారరాజు పరిగెత్తి మైకు లాక్కున్నాడు. అతనూ సాక్ష్యానికే వచ్చాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"చెప్పండి బాబూ, సిగ్గుపడకండి," అన్నారు పాస్టరు గారు వీపు నిమురుతూ.

ఆ నిమరడంతో పదేళ్ళ బరువూ బయటికి వచ్చేసింది. "నూట నలభై కంపెనీల్ని నిలబెట్టేనని ఈ ఉద్యోగం కోసం మేడంగారికి రాసిచ్చేనండీ. అందులో ఇప్పుడు నడుస్తున్నది ఒక్కటేనండీ. వాళ్ళు నా సలహా వినలేదండీ!" అని భోరుమన్నాడు. ఉద్యోగం పోయిందని తెలుస్తూనే ఉంది, అయినా ప్రాణం హాయిగా ఉంది.

ఝాన్సీ గారు బంగారరాజును కారు దగ్గరికి పిలిచారు. కారెక్కబోతూ అన్నారు: "ఇన్నేళ్ళలో మేము తవ్వకుండా తప్పులు బయటపెట్టిన యూనిట్ ఇదొక్కటే. పెట్టుబడి పెడదాం. మీ ఉద్యోగం కూడా ఖాయం. ఇక మీదట అన్నిచోట్లా ఇలాంటి కూడికలు పెట్టించడమే మీ పని. ముందు మన హెడ్డాఫీసులో పెట్టండి."

సోమవారం హెడ్డాఫీసులో మైకు పెట్టేసరికి, ఝాన్సీ గారితో సహా అక్కడున్న పదకొండు మందికీ ఉన్నట్టుండి గొంతు పట్టేసింది.